మూడు చోట్ల దాచిన పాటలు

కోపం తెచ్చుకోవడానికి నాకు గురువు అక్కర్లేకపోయింది. అది పుట్టుకతో వచ్చిన విద్య. కంప్యూటరు మాత్రం యాభై దాటాక నాకు నేనే నేర్చుకున్నాను, ఉన్న మీటలన్నీ ఒక్కొక్కటే నొక్కి చూసి. ఈ రెండు విద్యలూ ఒకే పొద్దున కలిసొచ్చి నన్ను మట్టి కరిపించాయి.

మా గురువు ఓబులయ్య సామి మైదుకూరులో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే మనిషి. పగలంతా ఇస్త్రీ, సాయంత్రం తత్వాలు. తన గురువు దగ్గర నేర్చుకున్న నూట నలభై తత్వాలు ఆయన గొంతులో తప్ప ఇంకెక్కడా లేవు. మూడేళ్లు పక్కన కూర్చుని నోటు పుస్తకాల్లో రాసుకున్నాను. తర్వాత మా ఇంట్లో కంప్యూటర్లోకి ఎక్కించాను. ఎక్కించిన ఏడాదికే సామికి పక్షవాతం వచ్చింది. చెయ్యీ మాటా తిరిగొచ్చాయి. పాట రాలేదు.

బజార్లో దొరికే తెలుగు అక్షరాలు ఆ పాటలకు చాలలేదు. సామి గొంతు విరిచేచోట ఒక గుర్తు కావాలి, సాగదీసేచోట ఇంకోటి కావాలి. ఆర్నెల్లు కూర్చుని ఆ అక్షరాలను కోసి, అతికించి, మీటలన్నీ నా రెండు వేళ్లకు అనువుగా మార్చేసుకున్నాను. "ఈ కీబోర్డు మీద టైపు చెయ్యగలిగినోడు లోకంలో నేనొక్కడినే" అని ఊరంతా చెప్పుకుని తిరిగాను. ఊరికి అది ఎందుకు పనికొస్తుందో ఊరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఒక పొద్దున కంప్యూటరు మొరాయించింది. బాగుచేసే దస్తగిరి వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి.

"మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించాల కేశవులన్నా. కావాల్సినవన్నీ తీసి పెట్టుకున్నావా?"

"నాకు చెప్తాండావా దస్తగిరీ? పెన్‌డ్రైవులో ఒకటి, సీడీలో ఒకటి, కమలాపురంలో మా బామ్మర్ది ఇంట్లో ఒకటి. మూడు చోట్ల ఉండాయి. నువ్వు తుడువు."

తుడిచాడు. మళ్లీ అన్నీ ఎక్కించాడు. పెన్‌డ్రైవు పెట్టి మొదటి పాట తెరిచాను. తెర నిండా ఇంగ్లీషు అక్షరాల ముక్కలు, కామాలు, కొక్కేలు, తలకిందుల ప్రశ్నార్థకాలు. సీడీ పెట్టాను. అవే కొక్కేలు. బామ్మర్దికి ఫోను చేశాను.

"బావా, చీమలు బారు కట్టినట్టుండాది. నువ్వు ఇచ్చిన్నాడు కూడా ఇట్లనే ఉండె. ఏదో మంత్రం గదా, మనకెందుకులే అని ఊరుకుంటి" అన్నాడు.

దస్తగిరి తెర వైపు చూసి, నా వైపు చూశాడు. "పాటలు బాగనే ఉండాయన్నా. నువ్వు చేసుకున్న అక్షరాలు యాడ పెట్టినావు?"

"యాడ పెట్టేదేంది? కంప్యూటర్లోనే ఉండాయి గదా!"

"ఆ కంప్యూటర్నే గదన్నా ఇప్పుడు తుడిచింది."

చెయ్యెత్తాను. దించానుగానీ, దించేలోపు అనవలసినవీ అనకూడనివీ అన్నీ అనేశాను. వాళ్ల నాయన్ని కూడా వదల్లేదు. దస్తగిరి స్క్రూడ్రైవరు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. తిట్టడానికి మనిషి లేకపోయేసరికి నా భార్య రామతులసి మీద పడ్డాను. పాత నోటు పుస్తకాలు నీళ్ల పొయ్యిలో పెట్టింది నువ్వే కదా అన్నాను.

"పెట్టింది నేనే. 'మూడు చోట్ల ఉండాయి, ఈ చెత్త ఎందుకు' అని నా చేతికిచ్చింది ఎవురు?" అంది.

ఆ ఊపులోనే సామి దగ్గరికి పోయాను. రేకుల పందిట్లో బొగ్గుల పెట్టెతో పంచె రుద్దుతున్నాడు. దస్తగిరిని, బామ్మర్దిని, రామతులసిని, కంప్యూటరు కనిపెట్టినవాణ్ని వరసగా తిట్టాను. సామి పంచె తిరగేసి రెండో వైపు రుద్దాడు.

"నోటు పుస్తకాలు కూడా కాలిపోయినాయా?" అన్నాడు.

"కాలిపోయినాయి సామీ."

ఇస్త్రీపెట్టె గట్టిగా దించాడు. బొగ్గులు ఎగిరాయి. ఆయన కోపాన్ని అంతకుముందు చూడలేదు. ఆ తర్వాతా చూడలేదు. తర్వాత మూలనున్న మూట ఎత్తి నా భుజాన పెట్టాడు.

"ఇవి ఇచ్చిరా."

"ఎవరివి సామీ?"

"రాసుండాది."

బయటికొచ్చి మూట విప్పాను. అన్నీ తెల్లవే. చొక్కాలు, పంచెలు, లంగాలు. ప్రతిదాని అంచున నల్లజీడి గింజ రసంతో పెట్టిన, ఉతికినా పోని చుక్కలు. రెండు చుక్కలు, ఒక గీత. మూడు చుక్కలు, పక్కన కొక్కెం. నా తెర మీది కొక్కేలకు ఇవి అన్నదమ్ముల్లా ఉన్నాయి.

నా పాటలు బూడిదైతే ఈయన నాతో బట్టలు పంపిస్తాడా! ఏ చుక్క ఎవరిదో తెలియక, తోచిన ఇంటికల్లా పళ్లు నూరుకుంటూ నడిచాను. మొదటి ఇంట్లో ఒక పెద్దామె లంగా మడత విప్పి చూసి నా మొహాన కొట్టింది.

"ఎవురి లంగా తెచ్చి ఎవురికిస్తాండావురా? నా నడుం నీకంత లావుగా కనబడిందా?"

రెండో ఇల్లు రిటైరైన డ్రిల్లు మాస్టారిది. నేనిచ్చిన చొక్కాలో ఒక చెయ్యి దూర్చి, ఇంకో చెయ్యి దూరక, అలాగే నిలబడి నన్ను అరగంట తిట్టాడు. అందులో ఇరవై నిమిషాలు ఆయన్ని చొక్కాలోంచి బయటికి లాగడానికే సరిపోయాయి. మూడో ఇంట్లో కుక్కను వదిలారు. నాలుగో ఇంటికి నేను పోలేదు.

మధ్యాహ్నానికి మూట మూటలాగే తిరిగొచ్చింది, మడతలు మాత్రం పోయాయి. దాన్ని సామి ముందు విసిరేశాను. గురువు ముందు గొంతెత్తకూడదని తెలుసు. ఎత్తాను.

"ఏందిది సామీ? ఈ చుక్కలు మీకు తప్ప ఎవడికి తెలుస్తాయి? బట్టలు భద్రంగా ఉంటే సరిపోయిందా? రేపు మీకేమన్నా అయితే ఊరంతా గోచులతో తిరగాల్నా? ఎవడికీ చెప్పకుండా ఇంత..."

అక్కడ నా నోరు దానంతటదే ఆగింది.

సామి లోపలికి కేక వేశాడు. ఆయన కోడలు తిరుపాలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మూట ముందు కూర్చుని ఒక్కో అంచూ తిప్పి చూసింది. "ఇది కొట్టాల ఈరన్నది. ఇది కరణం గారింటిది. ఇది ఈరన్నదే." కాఫీ చల్లారేంత సేపు పట్టలేదు. ఐదు కుప్పలు పెట్టింది.

"పెండ్లయి వచ్చిన దినమే నేర్పినాడు. అది అయినాకనే మూట ముట్టుకోనిచ్చినాడు" అని నవ్వి లోపలికి పోయింది.

ఐదో కుప్పలో ఒకే ఒక చొక్కా ఉంది. సామి దాన్ని తీసి, దులిపి, నా ఒళ్లో పెట్టాడు. కాలరు లోపల ఒక చుక్క, కింద అడ్డగీత. జేబు దగ్గర రామతులసి కుట్టిన కుట్టు.

నా చొక్కానే. పొద్దుటినుంచి దాన్నే భుజాన మోసుకుంటూ ఊరంతా తిరిగాను.

"పదకొండేండ్లుగా ఈ గుర్తు తొడుక్కుంటాండావు," అన్నాడు సామి, పెట్టెలో బొగ్గులు ఊదుకుంటూ. "మెడ కాడనే ఉండాది."

చొక్కా మడిచి సంకలో పెట్టుకుని దస్తగిరి అంగడికి పోయాను. నన్ను చూసి అతను లేవలేదు.

"ఇంకా మిగిలిపోయినాయా అన్నా తిట్లు?"

"నిన్ను అనిన మాటలకు నీ కాళ్లు పట్టుకోవాల. దానికి ముందు ఒక కాగితం తీసుకో."

"ఎందుకు?"

స్టూలు లాక్కుని అతని కీబోర్డు ముందు కూర్చున్నాను. అది నాది కాదు, కానీ ఏ మీటకు ఏ అక్షరం పెట్టుకున్నానో నా రెండు వేళ్లూ మరిచిపోలేదు. మొదటి మీట మీద వేలు పెట్టాను.

"ఈ మీటకు కొక్కెం పడతాది. పాటల్లో కొక్కెం ఉండే చోటల్లా అది 'ఓ'. రాసుకో. రెండు కాగితాల మీద రాయి, ఒకటి నీ దగ్గరే పెట్టుకో."