గంప దగ్గర దొరికిన నక్క

పొద్దెక్కితే నాగన్న దొడ్డి సగం ఖాళీ అయిపోయేది. ఎద్దులు పొలానికి వెళ్లేవి, కుక్క వాటి వెనకే పోయేది. మిగిలేది గుంజకు కట్టేసిన ముసలి గేదె, పదకొండు పిల్లల తల్లి నల్లపెట్ట, ఈ ఇద్దరి మీదా పెత్తనం చేసే ఎర్రపుంజు.

పుంజుకు తన పెత్తనమంటే ఎంత ఇష్టమో గేదె చెప్పే కథలంటే అంత కోపం. మధ్యాహ్నమయ్యేసరికి గేదె నెమరేస్తూ పడుకునేది. పిల్లలన్నీ వచ్చి దాని మూతి దగ్గర చేరేవి. ఒక ముద్ద నెమరు, ఒక ముక్క కథ. మధ్యలో పిల్లలు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగిపోతుంది. ఆ దొడ్డిలో అది ఆచారం.

పుంజు కోపానికి కారణం లేకపోలేదు. మొన్నొకరోజు అందరికన్నా చిన్నదైన చుక్కపిల్ల, కథలో విన్న నక్కలాగా గుర్రుమంటూ గడ్డివాములోంచి దూకింది. పుంజు వెనకాముందూ చూడకుండా ఎగిరి పాక కప్పెక్కింది. సాయంత్రం దాకా దిగలేదు. "పైన గాలి బాగుంది, అందుకే కూర్చున్నాను" అని చెప్పుకుంది గానీ, వినేవాళ్లు మొహాలు పక్కకు తిప్పుకున్నారు.

మర్నాడు పొద్దున్నే పెంటకుప్ప మీద నిలబడి చాటింపు వేసింది. "ఇవాళ్టి నుంచి ఈ దొడ్డిలో కంటితో చూసిందే మాట్లాడాలి. ఊహలూ కథలూ బంద్."

"చూసిందే చెప్పాలంటే నేను ఈ గుంజ గురించే చెప్పాలి నాయనా," అంది గేదె. "పన్నెండేళ్లుగా దీన్నే చూస్తున్నాను."

"గుంజ గురించే చెప్పు గేదెత్తా. పిల్లలకు జ్ఞానమొస్తుంది."

ఆ మధ్యాహ్నం గేదె అలాగే చెప్పింది. "అనగనగా ఒక గుంజ. నిన్న ఇక్కడే ఉంది. ఇవాళా ఇక్కడే ఉంది." మూడో ఊ దగ్గర పిల్లలన్నీ నిద్రపోయాయి. దొడ్డి ఇంత ప్రశాంతంగా ఎన్నడూ లేదని పుంజు మురిసిపోయింది.

కంచె అవతల తుప్పలో నక్క కూడా మురిసిపోయింది. చాటింపు మొత్తం అది విన్నది.

మర్నాడు కుక్క అటు వెళ్లగానే ఇటు నక్క తడిక దగ్గరకొచ్చి గొంతు సవరించుకుంది. పుంజు చూపు పాక కప్పు మీదికి పోయింది.

"కంగారు పడకండి బావగారూ," అంది నక్క. "మీ కట్టుబాటు సంగతి విని, దండం పెట్టుకుని పోదామని వచ్చాను. నాలాంటివాళ్లకు న్యాయం దొరికేది ఇలాంటి చోటే."

"న్యాయమా? నువ్వు కోళ్లను తింటావు కదా."

"మీరు చూశారా?"

పుంజు ఆలోచించింది. చూడలేదు. "పెట్టా, నువ్వు చూశావా?"

"మా అక్క చూసింది," అంది నల్లపెట్ట.

"అయితే ఆవిణ్ణి పిలవండి," అంది నక్క మర్యాదగా.

"ఎక్కణ్ణుంచి పిలిచేది? చూసిన రోజు నుంచే కనబడకుండా పోయింది."

"విన్నారుగా. సాక్షి లేదు." నక్క తోకతో కళ్లొత్తుకుంది. "బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఈ నింద మోస్తున్నాను బావగారూ. అంతా కథలు చెప్పేవాళ్ల పుణ్యం."

పుంజు మనసు కరిగింది. కథల వల్ల పరువు పోయినవాడు తనొక్కడే కాదన్నమాట.

"పోతే, మధ్యాహ్నం పూట ఇక్కడొక గద్ద తిరుగుతోంది," అంది నక్క. "దాన్ని చూశారా?"

"చూశాను. రెండుసార్లు."

"అదీ సంగతి. గద్ద మీరు చూసిన ముప్పు. నేను ఎవరూ చూడని ముప్పు. పిల్లల్ని ఆ పక్కకు ఒరిగిన గంపలోకి పంపండి. మూతికి అడ్డంగా నేను పడుకుంటాను. మీ దంపతులు వాము అవతల హాయిగా గింజలేరుకోండి."

పుంజు ఎటు తిప్పి చూసినా ఆ మాటలో తప్పు దొరకలేదు.

"ఏమయ్యా, నాకు గుండె దడగా ఉంది," అంది పెట్ట.

"ఏదీ, కనబడదే?"

"లోపల ఉంది."

"లోపలున్నవి చెల్లవు," అంది పుంజు.

పెట్ట దిక్కుతోచక గేదె వైపు చూసింది. గేదె నమలడం ఆపలేదు. "గంపను నా పక్కకు జరపండి. ఎండకు పసివాళ్లు మాడిపోతారు," అని మాత్రం అంది. నక్క తనే గంపను ఈడ్చుకొచ్చి, గేదె కాళ్ల దగ్గర పెట్టింది.

అంతా సిద్ధమయ్యాక పిల్లలు గంప మూతి దగ్గర మొరాయించాయి.

"కథ చెబితేనే పడుకుంటాం," అంది చుక్కపిల్ల. "గుంజ కథ వద్దు."

"కథలు బంద్ అన్నానా?" అంది పుంజు.

నక్కకు ఆకలి దంచేస్తోంది. "పోనీలెండి బావగారూ, ఒక్కటి చెప్పనివ్వండి. పిల్లలు ఒకచోట కుదురుకోవాలి కదా," అని, గంపకు అడ్డంగా పడుకుని కళ్లు మూసుకుంది.

గేదె మొదలుపెట్టింది. "అనగనగా ఒక నక్క."

"ఊ," అన్నాయి పిల్లలు.

"దానికి మూడు రోజులుగా తిండి లేదు. ఎండుటాకు కదిలినా ఎలుకే అనుకుని ఎగబడేది."

"ఊ."

"బొరియలో పిల్లలు ఎదురుచూస్తుంటాయి. ఒట్టి నోటితో వాటి మొహం ఎలా చూడాలా అని, ఇంటి దాకా వచ్చి కూడా లోపలికి పోలేక బయటే నిలబడింది."

"ఊ." ఈసారి ఒక ఊ బొంగురుగా వినిపించింది. పుంజు అటు చూసింది. నక్క కళ్లు మూసే ఉన్నాయి. చెవులు మాత్రం నిటారుగా నిలబడ్డాయి.

"ఆ ఊళ్లో ఒక దొడ్డి. దొడ్డిలో ఒక వెర్రిపుంజు."

"వెర్రిపుంజా?" అంది పుంజు.

"కథలో పుంజు నాయనా. నిన్నెవరన్నారు? ఆ పుంజు తన పిల్లలకు నక్కనే కాపలా పెట్టింది."

"ఊ. తర్వాత?" అంది నక్క.

గేదె తాపీగా ఇంకో ముద్ద నోట్లోకి తెచ్చుకుంది.

"నెమరు తర్వాత వేసుకుందువుగాని, ముందు కథ కానీయమ్మా," అని గదమాయించింది నక్క.

"ఏముంది, పెద్దవాళ్లు వాము అవతలికి వెళ్లారు. నక్క గంపలో తల దూర్చింది. ఒక పిల్లను కాలు పట్టుకుని లాగింది."

"కాలేమిటి నీ మొహం," అని విసుక్కుంది నక్క. "కాలు పట్టుకుంటే కెవ్వుమంటుంది, దొడ్డంతా లేస్తుంది. ముందు మెడ పట్టాలి. చప్పుడే ఉండదు. నిరుడు ఇదే దొడ్డిలో మచ్చల పెట్టను అలాగే కదా..."

ఎవరూ ఊ కొట్టలేదు.

నక్క ఒక కన్ను తెరిచింది. "కథలో," అంది.

"మా అక్కకు మచ్చలుండేవి," అంది నల్లపెట్ట.

నక్క పిల్లల మీదికి ఒక్క దూకు దూకబోయింది. తోక వెంట రాలేదు. తోక కుచ్చు మీద గేదె గిట్ట ఉంది. ఎప్పుడు పెట్టిందో, కథ ధ్యాసలో నక్కకు తెలియలేదు. పెట్ట ముక్కుతో మొహం మీద పడింది. పుంజు పాక కప్పు మీదికే ఎగిరింది గానీ, కంగారులో నక్క నెత్తి మీద దిగింది. దిగాక చేసేదేమీ లేక కాలి గోళ్లతో రక్కింది. నక్క తోక కుచ్చు అక్కడే వదిలేసి, తడిక దూకి పారిపోయింది.

పుంజు ఆ కుచ్చు చుట్టూ రెండుసార్లు తిరిగింది. ఇది మాత్రం కంటికి బాగానే కనబడుతోంది.

"గేదెమ్మమ్మా, నువ్వెప్పుడైనా నక్క బొరియ చూశావా?" అని అడిగింది చుక్కపిల్ల.

"గుంజ దాటి ఎరగనిదాన్ని, ఎలా చూస్తానమ్మా? ఆకలి నాకూ తెలుసు. పిల్లలు నాకూ పుట్టాయి. ఆ రెండూ తీసుకెళ్లి నక్కకు పెట్టి చూశాను. అక్కడి నుంచి అదే చెప్పుకుపోయింది."

మర్నాడు మధ్యాహ్నం గేదె, "అనగనగా ఒక గుంజ," అని మొదలుపెట్టింది.

"గుంజ వద్దులే గేదెత్తా," అంది పుంజు. పిల్లల మధ్యకు వచ్చి సర్దుకుని కూర్చుంది. కాసేపు నేల గీరింది. "నిన్నటి కథలో ఆ నక్కపిల్లలకు ఆ పూట తిండి దొరికిందా, లేదా? అది చెప్పు."

గేదె చెప్పడం మొదలుపెట్టింది. ఆ రోజు అందరికన్నా గట్టిగా ఊ కొట్టింది పుంజే.

కథలో నక్కను కలుసుకోని పిల్లకు, గుమ్మంలోకి వచ్చిన నక్క చుట్టంలాగే కనబడుతుంది.