గ్యోల్ వంతెన మీద బిరుదావళి

ఒకానొక సముద్రతీర రాజ్యాన్ని ప్రతాపమల్లుడు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు గానీ, బిరుదుల పిచ్చి బాగా ముదిరింది. బిరుదావళి పూర్తిగా చదివితే తప్ప సింహాసనం మీద కూర్చునేవాడు కాడు. అందాకా సభికులు కాళ్లు పీకుతున్నా నిలబడాల్సిందే. దాన్ని చదివే ఆస్థాన భట్టు వీరభట్టు పండు ముసలి.

ఒకనాడు మంచుదేశపు ఓడ వర్తకుడొకడు కొలువుకు వచ్చి, తమ వైపు చెప్పుకునే పాతాళం గురించి చెప్పాడు.

"అక్కడ కత్తులు పారే ఏరొకటి ఉంది మహారాజా. ఇంకా లోపల, చావులోకపు వాకిలి ముందు, గ్యోల్ అనే నది. దాని వంతెనకు బంగారు పైకప్పు. అక్కడి కావలి కన్య వచ్చినవాళ్లను ఆపి పేరూ వంశమూ అడుగుతుంది."

"మా పేరు వింటే ఆ పిల్ల కళ్లు తిరిగి పడిపోతుంది!" అని రాజు మీసం దువ్వాడు. "వీరభట్టూ, ఈయనకు మళ్లీ వినిపించు."

వీరభట్టు అందుకున్నాడు. అంతా బాగానే సాగింది. తీరా చివరి బిరుదు ఎంతకీ గుర్తుకు రాలేదు.

రాజు ముఖం జేవురించింది. "పరదేశి ముందు పరువు తీశావు! రేపటికల్లా రాజ్యం విడిచిపో."

ఆ వయసులో ముసలాయన ఎక్కడికని పోతాడు? విదూషకుడు ముమ్మయ్యకు జాలేసింది. అయితే ఈ ప్రభువుకు దయ గురించి చెబితే చెవికెక్కదని అతనికి తెలుసు. అందుకే వర్తకుడి వైపు తిరిగాడు.

"అయ్యా, పేరు చెప్పాక ఆ కన్య ఏం చేస్తుంది?"

"పక్కకు తప్పుకుంటుంది. చచ్చినవాడు అవతలికి వెళ్లిపోతాడు. ఇక తిరిగి రాడు."

"చెప్పడం పూర్తి కాకపోతే?"

వర్తకుడు నవ్వాడు. "పూర్తి కాకుండా ఎలా వదులుతుంది? ఇవతలే నిలబడాలి."

ముమ్మయ్య చేతులు కట్టుకున్నాడు.

"విన్నారా ప్రభూ! ఎప్పుడో నూరేళ్లకు తమరు అక్కడికి వెళ్తే, ఏ కుర్ర భట్టో గడగడా చదివేసి తమర్ని అవతలికి పంపేస్తాడు. అదే వీరభట్టుగారైతే చివరి బిరుదు దగ్గర ఆగిపోతారు. ఆయనకు అది గుర్తొచ్చేదాకా తమరు చావులోకంలో అడుగు పెట్టనక్కర్లేదు. ఇంత మేలు చేసే మతిమరుపును తరిమేస్తారా?"

"నువ్వూ నీ వాదమూ! ఆ బిరుదేమిటో నేనే అందిస్తాను, చదవమను. అది..." అంటూ రాజు ఏదో తట్టినట్టు చప్పున నోరు మూసుకున్నాడు.

రాజు ముసలాయన వంకా, ముమ్మయ్య వంకా చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. తన శాలువా తీసి వీరభట్టుకు కప్పాడు.

"ముమ్మయ్యా, నీకూ మంచి బిరుదొకటి ఇస్తాం. కోరుకో."

"మహాప్రసాదం. దాన్ని కూడా వీరభట్టుగారికే అప్పగించండి ప్రభూ. నాకూ ఇంకొన్నాళ్లు బతకాలనుంది."