చోజోమ్ దూడ

అనగనగా అంటే నిన్న కాదు, మొన్న కాదు. మన తాతలకి తాతలు కూడా పుట్టని రోజుల్లో, మబ్బులకి పైన, మంచుకొండల నడుమ ఒక దేశం ఉండేది. అక్కడ వరి పండదు, బార్లీ పండుతుంది. చెట్లు లేవు, కట్టెలు లేవు. జడలబర్రె పేడే వాళ్లకి పొయ్యి, దాని వెన్నే తిండి, దాని వెంట్రుకలే గుడారం.

ఆ దేశం మీదికి పరాయి రాజొకడు వచ్చి కూర్చున్నాడు. కొండ మీద కోట కట్టాడు. "ఈ కొండలు మావి" అన్నవాళ్లనల్లా ఆ కోటలో వేశాడు. పాట కట్టినా కోటే, తమ దేవుడికి దండం పెట్టినా కోటే, గొణిగినా కోటే. లోపల ఏం చేసేవారో నేను చెప్పను, పిల్లలు వింటున్నారు. మనిషి ఇక పోతాడు అనగా మాత్రం తలుపు తీసి బయట పారేసేవారు. చావు వాళ్ల గుమ్మంలో జరగకూడదట, ఎంత మర్యాదస్తులో చూడండి. పైగా చాటింపు వేయించారు. కోట నుంచి వచ్చినవాళ్లకి మందు ఇచ్చినవాళ్లూ, మందు తెచ్చినవాళ్లూ కోటకే.

కొండ కింద ఊళ్లో చోజోమ్ అని ఒకామె. పేడ ఏరి, పిడకలు చేసి, ఇంటింటికీ వేసేది. ఆమెకున్నవి రెండే. ఇంట్లో ఒక నల్ల జడలబర్రె, కోటలో ఒక తమ్ముడు. తమ్ముడి పేరు గెలెక్. వాడు పాట కట్టాడు.

ఆ ఊళ్లో ఒక ఆచారముంది. గడప దాటి వచ్చినవాళ్లకి వెన్న వేసి చిలికిన టీ అంచుదాకా పోయాలి. ఒక గుక్క తాగితే ఆ గుక్కంత మళ్లీ పోయాలి. సగం గిన్నె ఇచ్చారంటే మొహాన తలుపేసినట్టే.

మొదట కోట నుంచి ఒక ముసలి సన్యాసి వచ్చాడు. ఊరంతా ఏడుస్తూ ఎదురెళ్లింది. ఒకరు టీ పోశారు, ఒకరు వెన్నముద్ద పెట్టారు, ఒకరు మాంసం వండారు. తెల్లారేసరికి ఆయన పోయాడు. తరవాత ఒక నేతగత్తె వచ్చింది. అదే ఏడుపు, అదే టీ, అదే వెన్న, అదే మాంసం. ఆమె కూడా పోయింది. కోటలో దయ్యం వాళ్ల వెంట వస్తోందని ఊరు అనుకుంది. పేగులు ఎండిపోయినవాళ్ల మీద తమ ప్రేమే బండరాయిలా పడుతోందని పాపం ఎవరికీ తట్టలేదు.

అందుకే చోజోమ్‌కి కంటి మీద కునుకు లేదు. తమ్ముడు బయటికి రావాలని మొక్కేది. వస్తే పోతాడేమోనని వణికేది. తీరాలో వద్దో తెలియని మొక్కు అది.

మూడోవాడు గెలెక్. పొలిమేర దగ్గర పడేసి పోతే చోజోమే వీపున మోసుకొచ్చింది. పిడకల గంపకున్న బరువు కూడా లేడు. కాళ్లు వాచి ఉన్నాయి, ఒక చెవి వినబడదు, దగ్గితే నెత్తురు పడుతోంది. గోడ పక్కన నిలబడి, "కూర్చోవచ్చా?" అని అడిగాడు. గిన్నె ఇస్తే, "తాగవచ్చా?" అని అడిగాడు. సొంత అక్కని! చోజోమ్‌కి దుఃఖం ఆగలేదు. ఆ దుఃఖంలో ఆమె కూడా అంచుదాకా పోసేసింది. వాడు గటగటా తాగి కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయాడు. అప్పుడు ఆమెకి సన్యాసి గుర్తొచ్చాడు, నేతగత్తె గుర్తొచ్చింది.

అప్పటికే ఊరు గుమ్మం ముందుంది. అందరికంటే ముందు పల్మో అనే ముసలమ్మ, చేతిలో పొగలు కక్కే కుండతో. చోజోమ్ గడప మీద రెండు చేతులూ అడ్డం పెట్టింది. ఎవరూ ఏమీ పెట్టొద్దంది. ఆ ఊరు పుట్టాక అలాంటి మాట ఎవరూ వినలేదు. తమ్ముడి నోటికాడ కూడు తీసిన ముండవని పల్మో తిట్టిపోసి, కుండ అక్కడే పారబోసి వెళ్లింది. చోజోమ్ తలుపు దగ్గర కూలబడింది. పెడితే పోతాడేమో, పెట్టకపోతే పోతాడేమో. ఎవరినడగాలి?

అడగడానికి ఒక్కడే ఉన్నాడు, ఊరి వైద్యుడు. ఆ దేశంలో వైద్యుణ్ణి అమ్చి అంటారు. ఆయన గుమ్మంలో రాజుగారి సిపాయి కూర్చుని ఉన్నాడు. చోజోమ్ ఆలోచించి, నల్ల జడలబర్రెని తోలుకుని వెళ్లింది. పశువులకి మందు వద్దని చాటింపులో లేదు మరి.

"అమ్చిగారూ, నా బర్రెకి బాగోలేదు. చాన్నాళ్లు చీకట్లో కట్టేసి ఉండిపోయింది. మేత లేదు. ఇప్పుడు మేస్తే కడుపుబ్బరం."

అమ్చి నిగనిగలాడుతున్న బర్రెని చూశాడు. చోజోమ్ మొహం చూశాడు, సంగతి అర్థమైంది. సిపాయి చూస్తుండగా బర్రె కడుపు తడిమాడు.

"వెన్న వద్దు, మాంసం వద్దు. బార్లీ గంజి పల్చగా కాచి ఒక్క గుక్క పట్టు. కాసేపాగి ఇంకో గుక్క. గిన్నె ఎప్పుడూ నింపకు. ఎంత ఏడ్చినా నింపకు. తలుపు వేయకు, మూసిన తలుపంటే దానికి హడలు."

చోజోమ్ అలాగే చేసింది. మంచుగాలి కొడుతున్నా తలుపు తీసే ఉంచింది. వాడు ఇంకొంచెం పోయమని చేతులు జోడిస్తే మొహం తిప్పుకుని ఏడ్చింది గానీ పొయ్యలేదు. గెలెక్ ఆ వారం దాటాడు.

రెండోసారి వాచిన కాళ్ల గురించి వెళ్లింది. అమ్చి చిటికెడు చూర్ణం ఇచ్చాడు. అంత పశువుకి ఇంత మందేమిటని సిపాయి నవ్వాడు. నవ్వాడే గానీ, కళ్లు నవ్వలేదు.

మూడోసారి దగ్గు గురించి వెళ్లింది. అమ్చి ఆమె గుప్పిట్లో మందుండలు పెట్టాడో లేదో, సిపాయి లేచి బర్రె మెడ మీద చెయ్యి వేశాడు. ఇది ఒక్కసారీ దగ్గలేదే, దీనికి నిజంగా రోగమేనా అని అడిగాడు. రోగమే అయితే మంద మొత్తానికి అంటకుండా ఇప్పుడే ఇక్కడే కోసేస్తానన్నాడు. రోగం కాకపోతే ఆ మందు ఎవరికో చెప్పమన్నాడు.

బర్రె చోజోమ్ భుజాన్ని నాకుతోంది. పాలు అదే, పేడ అదే, చలికాలం గడిచే దారి అదే.

"రోగమేనయ్యా," అంది చోజోమ్.

కోసేశాడు. ఆమె చూస్తూ నిలబడింది. గుప్పిట విప్పలేదు.

"బర్రె పోయిందిగా, ఇంకా ఆ మందెందుకు?" అన్నాడు సిపాయి.

"ఇంటి దగ్గర దీని దూడ ఉందయ్యా. దానికీ ఇదే దగ్గు."

దూడా లేదు, పాడూ లేదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. కోత చూడ్డానికి ఆ వాకిట్లో మూగినవాళ్లందరికీ తెలుసు. అందులో పల్మో కూడా ఉంది. సిపాయి ఆమె వైపు తిరిగి, దూడ ఉందా అని అడిగాడు.

పల్మో చోజోమ్ గుప్పిట చూసింది. "ఉందయ్యా," అంది. "పాపం, నిలబడలేకపోతోంది."

మర్నాడు పల్మో తన బర్రెని తోలుకుని అమ్చి గుమ్మానికి వెళ్లింది, కడుపుబ్బరమట. ఆ మర్నాడు ఇంకొకరు, దగ్గట. ఆ మర్నాడు ఇంకొకరు, కాళ్లవాపట. ఆ మందులన్నీ చీకటి పడ్డాక చోజోమ్ ఇంటికే చేరేవి. ఆ చలికాలం ఆ ఊళ్లో ఆరోగ్యంగా ఉన్న బర్రె ఒక్కటీ లేదు. అన్నిటినీ కోస్తే సిపాయిలకి వెన్నెవరిస్తారు? గొణుక్కుంటూ ఊరుకున్నారు.

గెలెక్ బతికాడు. మునుపటి మనిషి అయ్యాడని చెబితే అబద్ధం. చెవి రాలేదు, దగ్గు పూర్తిగా పోలేదు, కూర్చోవడానికి అడగడం మానలేదు. చోజోమ్ మాత్రం బర్రె లేక, గంపలన్నీ తన వీపునే మోసి, కొన్నేళ్లకి ఒక మంచుపొద్దున దారిలోనే ఒరిగిపోయింది. ఆ రోజు గెలెక్ ఎవరినీ అడగలేదు. లేచి, అక్క గంప వీపుకి ఎత్తుకుని, మిగిలిన ఇళ్లకి పిడకలు వేసి వచ్చాడు.

చోజోమ్‌కి గుడి లేదు, రాయి లేదు. కానీ ఆ కొండల్లో ఈనాటికీ కోట నుంచి ఎవరైనా వస్తే మొదట సగం గిన్నే ఇస్తారు, తలుపు తీసే ఉంచుతారు. ఆ సగం గిన్నెని ఎవరూ తప్పు పట్టరు. మందు కోసం అమ్చి దగ్గరికి వెళ్లినవాళ్లు పేరు చెప్పరు, "చోజోమ్ దూడకి బాగోలేదు" అంటారు. అమ్చి ఇంకేమీ అడగడు, సిపాయి వైపు చూడడు, మందు కట్టి ఇస్తాడు. కోటా అక్కడే ఉంది, దూడలూ వస్తూనే ఉన్నాయి.