మిల్కమ్మ నీలి దారం

అనగనగా, ఎన్నేళ్ల కిందటో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడెవరూ మిగల్లేదు, ఐగుప్తు దేశంలో, అదే ఇప్పటి ఈజిప్టులో, ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్లో యూదుల ప్రార్థనా మందిరం. అది ఊడ్చే ముసలమ్మ పేరు మిల్కా. మనవాళ్లయితే మిల్కమ్మ అనేవాళ్లు, మనమూ అలాగే అందాం. నా అన్నవాళ్లు ఆమెకు లేరు. మందిరం మెట్ల కింది గదే ఆమె ఇల్లు.

ఆ యూదులకు ఒక కట్టడి ఉంది. దేవుడి పేరు రాసిన కాగితం చిరిగినా, తోలుమీద రాసిన ధర్మశాస్త్రపు చుట్ట పాతబడినా పారేయకూడదు, కాల్చకూడదు. గోడకు పైన ఒక కంత ఉంటుంది. నిచ్చెనెక్కి, దాంట్లోంచి లోపలి గదిలోకి వదలాలి. ఆ పని మిల్కమ్మది.

చిక్కల్లా ఒకటే. మిల్కమ్మకు చదువు రాదు.

ఊడ్చేటప్పుడు దొరికిన ప్రతి ముక్కనూ అటు తిప్పి ఇటు తిప్పి చూసేది. అన్నీ చీమల బారులే. ఇది దేవుడి పేరా, ఉల్లిపాయల బేరమా? పారేస్తే పాపమేమో! పాపం, ఆమెకు తల తిరిగిపోయేది. చివరికి తన నీలి ముసుగు అంచునుంచి ఒక దారం లాగి, ముక్కకు కట్టి, కంతలో వదిలేది. దారం కట్టిందంటే తనకు తెలియలేదని గుర్తు. పైవాడే చూసుకుంటాడులే అనుకునేది.

మందిరం పెద్ద ఎల్యాకీము ఒకనాడు పట్టుకున్నాడు.

"అదేమిటమ్మా? ఎవరిదో పెళ్లి పిలుపు కదా!"

"నాకేం తెలుసయ్యా, ఇందులో ఆయన పేరుందో లేదో!"

రెండోసారి ఎవరిదో మందుచీటీతో దొరికింది. ఆయన గట్టిగా కసిరాడు.

"నాకేం తెలుసయ్యా, ఇందులో ఆయన పేరుందో లేదో!"

మూడోసారి, చిరిగిన ధర్మశాస్త్రపు చుట్టను ఆయనే స్వయంగా తెచ్చాడు. గది నిండిపోయింది, చుట్ట పట్టలేదు. ఆయనకు ఒళ్లు మండింది.

"నీ చెత్తతో దేవుడి మాటకే చోటు లేకుండా చేశావు! ఇదంతా నేనే లాగిపారేస్తాను. నువ్వు మూట సర్దుకో!"

మిల్కమ్మ తన గదిలోకి వెళ్లింది. ఈ వయసులో ఎక్కడికి పోతుంది? మూట కట్టుకుంటూ కూడా ఆమెకు గందరగోళమే, తప్పు చేశానా లేదా అని.

ఎల్యాకీము నిచ్చెనెక్కాడు. నీలి దారం ముక్క ఒకటి లాగాడు, పారేశాడు. ఇంకోటి లాగాడు, పారేశాడు. మూడోది లాగి ఆగిపోయాడు. దానిమీద వంకరటింకర అక్షరాలు మూడే మూడు. మూలన ఒక కోడిపెట్ట బొమ్మ. జ్వరంతో పోయిన తన ఆరేళ్ల కూతురు దీనా రాసింది. ఆ పిల్ల పోయిన రోజున, చూడలేక, దాని కాగితాలన్నీ ఆయనే మందిరం వాకిట్లో విసిరేశాడు.

నిచ్చెనమీదే కూలబడి భోరున ఏడ్చాడు.

మిల్కమ్మ పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, ఏమైందయ్యా? అందులో ఆయన పేరుందా?"

అంత చదువుకున్నవాడూ ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"రాసింది నా బిడ్డ. ఇందులో ఆయన పేరుందో లేదో నాకూ తెలియడం లేదమ్మా. నీ ముసుగులోంచి ఇంకో దారం ఇవ్వు."

ఉన్న దారం పక్కనే రెండోది కట్టి, కంతలో వదిలాడు. పారేసినవీ ఏరి వేశాడు. మిల్కమ్మ మూట విప్పించాడు. కంత వెనక ఇంకో గది కట్టించాడు.

మిల్కమ్మ పోయింది. ఎల్యాకీము పోయాడు. వందల ఏళ్లూ పోయాయి. ఒకనాడు ఆ గోడ కూలితే, దూరదేశాలనుంచి ముగ్గురు పండితులు వచ్చారు. ధర్మశాస్త్రపు చుట్టలు చూసి మురిసిపోయారు. నీలి దారాలు చూసి జుట్టు పీక్కున్నారు. ఒకాయన రహస్య సంకేతమన్నాడు. ఒకాయన మంత్రమన్నాడు. మూడో ఆయన ఇద్దరికీ బుర్ర లేదన్నాడు.

అక్కడ ఊడుస్తున్న ముసలావిడ నవ్వింది. "అది మిల్కమ్మ దారమయ్యా. ఇక్కడ ఊడ్చేవాళ్లం తరతరాలుగా ఆమె కథ చెప్పుకుంటాం. తెలియలేదని గుర్తు."

"మరి ఈ కోడిపెట్ట కాగితానికి రెండు దారాలెందుకు?"

"ఇద్దరికీ తెలియలేదు కనుక."

ముగ్గురూ ఆమెచేత మిల్కమ్మ కథంతా చెప్పించుకున్నారు.

ఇప్పటికీ, పాత రాతలు చదివే ఆ పండితుల ఇళ్లలో అంతుపట్టని ముక్క దొరికితే పారేయరట. నీలి దారం కడతారట. ఇదేమిటండీ అని అడిగితే, ఎంత పెద్ద పండితుడైనా ఒకటే మాట అంటాడట.

"నాకేం తెలుసయ్యా, ఇందులో ఆయన పేరుందో లేదో!"