మడుగులో తడిసిన బాతులు

అనగనగా ఒక వాగు, ఆ వాగు పక్కన మా ఊరు. ఆ ఊళ్ళో చెంచమ్మ, ఆమె కూతురు రవణ ఉండేవాళ్ళు. దుప్పటి కప్పుకో నాన్నా, చెప్తాను.

వాళ్ళకి ముప్పై బాతులుండేవి. తెల్లారితే రవణ గూటి తడిక తీసేది. అవి వరసకట్టి వాగులో ఉన్న మడుగులోకి దిగేవి. వాటి గుడ్లతోనే తల్లీకూతుళ్ళు బతికేవాళ్ళు. ఆ మడుగు నీళ్ళెంత తేటగా ఉండేవనుకున్నావు! అడుగున గులకరాళ్ళు కనబడేవి.

అప్పుడు కొట్లోకి కొత్తగా షాంపూ ప్యాకెట్లొచ్చాయి. ఇహ మా ఆడపిల్లలకి సంబరమే సంబరం. ఆదివారమొస్తే మడుగులో దిగి తలంట్లు. నురగ దోసిట్లోకి తీసుకుని ఒకళ్ళ మీదొకళ్ళు ఊదుకునేవాళ్ళం. రవణది నడుం దాటే జడ. దానికి రెండు ప్యాకెట్లు కావాలి. ఆ మల్లెపూల వాసన ఇప్పటికీ నా ముక్కుకి తగులుతూనే ఉంటుంది.

ఆ తర్వాత ఎండలు ముదిరాయి. వాగు పారడం మానేసింది, మడుగొక్కటే మిగిలింది. ఒకరోజు బాతులు తడిసి ముద్దై ఒడ్డుకొచ్చాయి. బాతు తడవదు నాన్నా, ఈకల మీద నూనె ఉంటుంది, నీటిచుక్క జారిపోతుంది. అలాంటివి గజగజ వణికాయి.

మొదట చెంచమ్మ దిష్టి తీసింది. తగ్గలేదు. ఆ తర్వాత గూట్లో వేపాకు పొగ వేసింది. తగ్గలేదు. మూడోనాడు ఒక బాతు మడుగు మధ్యలో మునిగిపోతుంటే రవణ బట్టలతోనే దూకింది. ఒడ్డుకు తెచ్చేసరికి దాని ప్రాణం పోయింది.

దాన్ని ఎత్తుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. ఆయన ఈకలు నలిపి వాసన చూశాడు.

"ఇదేంటమ్మాయ్, మల్లెపూల వాసన?"

రవణ మొహం పాలిపోయింది. "నా తల వాసనండీ."

"నీ తల జిడ్డు వదిలించే మందు బాతు ఈకల నూనెని వదిలించదా? కుంకుడు రసమైనా సరే, మడుగులో కలపకండి."

అప్పుడు రవణ మా దగ్గరికొచ్చి చెప్పింది. "నీ బాతుల కోసం మేం తలంట్లు మానుకోవాలా?" అని నవ్వాం. ముందు నవ్విందాన్ని నేనే.

రవణ పోట్లాడలేదు. తడిసిన బాతునొకదాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. దాని గుండె నా అరచేతిలో టకటకా కొట్టుకుంది. నాకు నవ్వు ఆగిపోయింది.

మర్నాడు పెద్ద బిందె నేనే ఎత్తుకున్నాను. నీళ్ళు మోసుకెళ్ళి, మడుక్కి దూరంగా, అరటి చెట్ల దగ్గర తలంటుకున్నాం. ఒకళ్ళని చూసి ఒకళ్ళు అందరూ అక్కడికే వచ్చారు. చెంచమ్మ మటుకు బాతుల్ని గట్టు మీదే ఉంచి, తొట్టిలో బావినీళ్ళు పోసి సాకింది.

ఆ తర్వాత వానలు పడ్డాయి. వాగు పొంగి మడుగుని కడిగేసింది. అప్పటికి ముప్పైలో పందొమ్మిదే మిగిలాయి. అవి ఈకలు దువ్వుకుంటూ, భయంభయంగా నీళ్ళల్లోకి దిగాయి. తేలాయి!

రవణ నన్ను పల్లెత్తు మాట అనలేదు. గూట్లోకి వెళ్ళి, అప్పుడే పెట్టిన గుడ్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది నాన్నా. నేను ఏడ్చేశాను.

కథేమో కంచి దారి పట్టింది,
నా బంగారానికేమో కునుకు పట్టింది.