అసిరమ్మ వంత

తత్త్వాలు పాడే కూర్మయ్యగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఏదడిగినా వెంటనే బదులు చెప్పరు. "పద, అలా వెళ్ళొద్దాం" అంటారు. నడిచీ నడిచీ సగంమంది అడిగిన ప్రశ్నే మరిచిపోయేవారు.

తవిటయ్య మరిచే రకం కాదు. గొంతు కంచులా మోగేది, చేతిలో కొత్త డోలక్ ఉంది. "గురువుగారూ, ఈ ఒంటి తీగ తంబుర పట్టుకుని ఎన్నాళ్ళు? ఇందులో ఏటుందని జనం ఇంటారు?" అని అడిగేశాడు.

"డోలక్ కూడా తెచ్చుకో. పద" అన్నారాయన.

వెళ్ళింది నేతవీధిలో అసిరమ్మ ఇంటికి. మగ్గం మీద భర్త పాట ఎత్తుకుంటే, పక్కనే రాట్నం తిప్పుతూ ఆమె వంత పలికేది. ముప్పయ్యేళ్ళ కాపురం అలాగే గడిచింది. అతను పోయి నాలుగు నెలలు. అప్పటినుంచి ఆమె రాట్నం ముట్టలేదు, కన్నకూతురితో కూడా నోరు విప్పలేదు. అమ్మ చేత ఎలాగైనా పలికించమని ఆ కూతురే వచ్చి కూర్మయ్యగారిని బతిమాలుకుంది.

ముందు తవిటయ్య పాడాడు. పాటా తనదే, వంతా తనదే, ఊపిరి తీసుకునే సందులో డోలక్. వాకిట్లో జనం పోగై భేష్ అన్నారు. అసిరమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది.

అప్పుడు కూర్మయ్యగారు తీగ మీటారు. ఆ వీధిలో అందరికీ తెలిసిన మగ్గం పాటే. "సన్నని దారమే, సుతారం చెయ్యి" అని పాడి ఆగారు. వంత రాలేదు. తీగ ఒక్కటే మోగుతోంది. ఆ ఖాళీ భరించలేక తవిటయ్య చెయ్యి డోలక్ మీదికి పోయింది. గురువుగారు కళ్ళతోనే వద్దన్నారు. మళ్ళీ అదే పాదం, మళ్ళీ అక్కడే ఆగడం. జనంలో సగంమంది లేచి వెళ్ళిపోయారు. గురువుగారి పరువు పోతోందని తవిటయ్యకు తల కొట్టేసినట్టయింది. మూడోసారి ఆయన పాదాన్ని కాస్త సాగదీశారు.

"అంతలా సాగదీయకండి బాబూ" అంది అసిరమ్మ, గోడవైపు నుంచే. "రాట్నం ఆగిపోద్ది. మా మావ అలగ పాడడు."

"మరెలగమ్మా?"

ఆమె విసుక్కుంటూనే లేచింది. కొంగుతో దుమ్ము తుడిచి రాట్నం ముందు కూర్చుంది. చక్రం కిర్రుమంది. "తెగితే అతుకేసి తిప్పవే రాట్నం" అని ఎత్తుకుంది. గొంతు పొడిబారిపోయి, శ్రుతికి ఆమడదూరంలో ఉంది. గడపలో నిలబడ్డ కూతురు నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. తవిటయ్యకు తన జన్మలో అంతకన్నా మంచి పాట విన్న గుర్తు లేదు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా గురువుగారూ అసిరమ్మా పాడుకుంటూనే ఉన్నారు.

తిరుగుదారిలో తవిటయ్య డోలక్ చంకన పెట్టుకుని చాలాదూరం నడిచాడు. చివరికి ఉండబట్టలేక, "నా పాటలో లోపమేటి గురువుగారూ?" అన్నాడు.

"లోపమేటీ లేదురా. బాగానే పాడినావు" అన్నారు కూర్మయ్యగారు. "ఇల్లంతా నువ్వే కూకున్నావు. ఆయమ్మకి జాగా ఏది?"