తెడ్డుగాడు నేరం ఒప్పుకున్న సాయంత్రం

కోటప్ప పాడిపాకలోకి టీవీ వచ్చింది గేదె కోసం. పాటలు వింటే గేదెలు పాలు ఎక్కువిస్తాయని ఎవరో చెబితే నమ్మి, ఇంట్లో మూలపడేసిన పాత డబ్బా టీవీని తెచ్చి పాక వసారా గూట్లో పెట్టాడు. మొదట్లో పాటలే పెట్టాడు. ఆ తర్వాత గేదెకు ఏం కావాలో మరిచిపోయి తనకు కావలసింది పెట్టుకున్నాడు. అదొక పోలీసు సీరియల్, పేరు 'భీకర్ స్టేషన్'.

అందులో ఎస్సై భీకర్ అని ఒకాయన ఉద్యోగం చేస్తుంటాడు. ఉద్యోగమంటే కొట్టడమే. దొరికినవాణ్ణి దొరికినట్టు తలకిందులుగా వేలాడదీస్తాడు, వాడు ఒప్పుకుంటాడు, డప్పులు మోగుతాయి, సబ్బుల ప్రకటనలు వస్తాయి. ఆ డప్పుల మోతకు గేదె చేపడమే మానేసి పాలు బిగబట్టింది. అయినా కోటప్ప టీవీ తీయలేదు. గేదె కోసం తెచ్చింది గేదె దగ్గర్నుంచి లాక్కోవడం పాపం అన్నాడు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నవాడి చుట్టమే ఈయన.

సాయంత్రం పాలు పిండుకుని, క్యాన్లు బండికి తగిలించుకుని పాలకేంద్రానికి వెళ్తూ కూడా టీవీ కట్టేసేవాడు కాదు. బండి మలుపు తిరగ్గానే వసారా ముందు జంతువులన్నీ చేరిపోయేవి. అందరికంటే ముందు సింగడు. వాడు ఆ పాకకు కాపలా కుక్క. సీరియల్ మొదలయ్యాక వాడు కాసేది భీకర్‌నే. కళ్ళు తెర మీద, నాలుక నేల మీద. వెనక నుంచి ఏనుగు నడిచి వెళ్ళినా తెలిసేది కాదు.

వెనక నుంచి నడిచి వెళ్తున్నది ఏనుగు కాదు, నక్క. పేరు జంబయ్య. కంచె అవతల ఆముదం చేలో కాపురం. డప్పులు మోగగానే కంచె సందులోంచి దూరడం, గడ్డివాము పక్కన కోడి పెట్టిన గుడ్డు మింగడం, చిప్పలు వాము కింద దూర్చేసి మళ్ళీ కంచె దగ్గర పెద్దమనిషిలా కూర్చోవడం. సింగడు వెనక్కి తిరిగితే, "ఏం కొట్టాడయ్యా మీ భీకర్! కళ్ళు చెమ్మగిల్లాయి" అనేవాడు. సింగడికి లోకంలో రసజ్ఞుడంటే జంబయ్య గారొక్కరే.

గుడ్లు పోతున్న కోడి పేరు చుక్కమ్మ. ఒకనాడు గేదె గాడి దగ్గరికొచ్చి రెక్కలు దులిపింది.

"గుడ్లు పోతున్నాయి, సరే. దొంగెవడో ఉంటాడు. కానీ పిల్లల సంగతి చూశారా? నిన్నటిదాకా దాగుడుమూతలు ఆడుకునేవాళ్ళు, ఇప్పుడు స్టేషన్ ఆట! దూడ ఎస్సై అంట, మేకపిల్లలు కానిస్టేబుళ్ళంట. ముద్దాయి మాత్రం ఎప్పుడూ మా తెడ్డుగాడే!"

తెడ్డుగాడు బాతుపిల్ల. చుక్కమ్మ పొదిగిన గుడ్లలో కోటప్ప ఒక బాతు గుడ్డు కలిపితే పుట్టాడు. కాళ్ళు తెడ్లలా ఉంటాయని ఆ పేరు. పోలికలు వేరైనా చుక్కమ్మ ఏనాడూ వేరుగా చూడలేదు. లోకం చూసేది.

"ఆ సీరియల్ పిల్లలకు పనికిరాదు. ఆపించండి" అంది చుక్కమ్మ.

ఆపించడం పెద్ద పనేం కాదు. కేబుల్ వైరు కంచె మీదుగానే వస్తుంది. మేక పోలికి అది ఒక్క కొరుకు. పోలి అప్పటికే వైరు వైపు చూసి పెదవులు తడుపుకుంది.

"ఆగండాగండి!" సింగడు అడ్డం పడ్డాడు. "విచారణ లేకుండా శిక్షా? ఇదేమైనా భీకర్ స్టేషనా?" అనేసి, అన్నదేమిటో అర్థమై నాలుక కరుచుకున్నాడు.

గాడి దగ్గర నెమరేస్తున్న ముసలి ఎద్దు గంగన్న తల ఎత్తాడు. "పంచాయితీ పెట్టండి మరి" అన్నాడు. ఆయన మాటలు తక్కువ. మాటకూ మాటకూ మధ్య ఒక ముద్ద నెమరు ఉంటుంది.

మన ఊరి తగవుకు పొరుగూరి పెద్దమనిషిని పిలవడం ఆనవాయితీ. మనవాడైతే ఎవడో ఒకడి పక్షం మాట్లాడతాడు కదా! ఆ లెక్కన సింగడు జంబయ్య గారి పేరు చెప్పాడు. చుక్కమ్మ ఒక్క ఎగురు ఎగిరింది. "నక్కా!" అంది.

"ఆయనకు మన పాకలో ఒక్క గుడ్డుతో కూడా సంబంధం లేదు. అందుకే ఆయన" అన్నాడు సింగడు. ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు. అంత శుద్ధమైన తెలివితక్కువతనానికి ఎదురు చెప్పడం కష్టం.

మర్నాడు సాయంత్రం జంబయ్య రాజాలా గేటులోంచే వచ్చాడు. గేటు తీసింది కాపలా కుక్క. వస్తూ వస్తూ, వాము చాటున 'లఘుశంక'కని ఆగి, ఆ రోజు గుడ్డు కూడా కానిచ్చేసి, మీసాలు నాక్కుని మరీ పీట మీద కూర్చున్నాడు.

టీవీలో సీరియల్ మొదలయ్యే ముందు ఒక అక్షరాల వరుస వచ్చింది. పద్దెనిమిదేళ్ళు నిండినవారు మాత్రమే చూడాలని దాని సారాంశం.

"పద్దెనిమిదేళ్ళా?" పోలి పగలబడి నవ్వింది. "మా వంశంలో పద్దెనిమిది నెలలు నిండినవాళ్ళే లేరు! ఇంక మేం చూసేదెప్పుడు, పైలోకంలోనా?"

"ఈ పాకలో ఆ వయసుంది గంగన్నొక్కడికే. ఆయనకు చూపానదు" అంది గేదె.

"అయినా ఆదివారం పొద్దున మా పిల్లల్ని మేతకు తోలుకెళ్ళేది మాంసం కొట్టు ముందు నుంచే. అక్కడ ఏ అక్షరాలూ పడవు. మా మేనమామ తొడ అక్కడ వేలాడుతుంటే చూసిన పిల్లలకు, ఈ రంగునీళ్ళ నెత్తురు చూస్తే జ్వరమొస్తుందా?" అంది పోలి.

"పోలి వదినా, కొట్టు దగ్గర ఎవరూ చప్పట్లు కొట్టరు" అంది చుక్కమ్మ.

పోలి మళ్ళీ వైరు వైపు తిరిగింది.

"చూడకుండా తీర్పు చెప్పకూడదు. ఒక్క భాగం చూసి తేల్చేద్దాం" అన్నాడు జంబయ్య. పిల్లల్ని గడ్డివాము అవతలికి తోలేసి పెద్దలు చూడటం మొదలెట్టారు. భీకర్ ఒకణ్ణి బావిలోకి వేలాడదీశాడు. అయ్యయ్యో అంది గేదె. తాడు సగం తెగింది. డప్పులు మోగాయి, ప్రకటనలొచ్చాయి.

"చీ, ఏం హింస!" అంది పోలి. "ఇంతకీ తాడు తెగుతుందా?"

"తెగాక తీర్పు చెబుదాం" అంది గేదె.

అదీ మన పెద్దల విచారణ. పిల్లలకు తగునా తగదా అని చూడ్డానికి కూర్చున్నవాళ్ళు, పిల్లలు ఉన్నారో లేరో చూసుకోలేదు. చుక్కమ్మ కూడా మెడ సాచి చూస్తూనే ఉండిపోయింది. అందుకు ఆమె తర్వాత చాలాకాలం తనను తాను క్షమించుకోలేదు.

ఉన్నట్టుండి వాము వెనక నుంచి ఈలలు. దూడ ముందు నడుస్తోంది. వెనక మేకపిల్లలు పలుపుతాడు పట్టుకుని లాగుతున్నాయి. తాడు చివర ఒక కాలికి ముడి. ఆ కాలు తెడ్డులా ఉంది. తెడ్డుగాడి వీపు మీద ఈకలు సగం లేవు.

"దొంగ దొరికాడు సార్!" దూడ జంబయ్యకు సెల్యూట్ కొట్టింది. "గుడ్లన్నీ వీడే తిన్నాడు. ముందు కాదన్నాడు. కాలు కట్టి వాము నిచ్చెనకు వేలాడదీస్తే ఒప్పేసుకున్నాడు!"

చుక్కమ్మ ఉరికెళ్ళి బిడ్డను రెక్క కిందికి లాక్కుంది. వాడు ఆ రెక్క కింద పట్టే వయసు దాటిపోయాడు. సగం బయటే ఉన్నాడు, వణుకుతూ.

"నువ్వు తిన్నావురా?"

"తిన్నానమ్మా" అన్నాడు తెడ్డుగాడు, దూడ వైపు చూస్తూ.

జంబయ్య ఆనందం పట్టలేక లేచి నిలబడ్డాడు. "ఇంక తీర్పెందుకు? మీరు పట్టలేని దొంగను పిల్లలు పట్టారు. ఎక్కడ నేర్చుకున్నారు? సీరియల్లో! మొక్కై వంగనిది మానై వంగుతుందా? పిల్లలకు ఇంతకు మించిన చదువు లేదు. రోజూ చూపించండి, పెద్దలూ పక్కనే కూర్చోండి. ఇక ఈ ముద్దాయిని కంచె దాటించి నాకప్పగించండి. మంచి దారిలో పెడతాను."

మంచి దారి అంటే గొంతు దారి. సింగడు తోక ఊపాడు. పోలి తల దించుకుంది. తెడ్డుగాణ్ణి ఆముదం చేలోకి పంపడానికి ఇంకో ఈల చాలు.

"ఒక్క మాట" అన్నాడు గంగన్న. అందరూ నెమరు పూర్తయ్యేదాకా ఆగారు. "ఒరే తెడ్డూ, గుడ్డు ఎలా పగలగొట్టావు?"

తెడ్డుగాడు దూడ వైపు తిరిగాడు. "ఎలా అని చెప్పాలి, అన్నా?"

"సరే. నిరుడు నా బండి ఇరుసు విరిగింది. అదీ నువ్వేనా?"

"నేనే తాతా."

"అప్పటికి నువ్వు గుడ్డులో కూడా లేవు కదరా!"

"అయినా నేనే. కాలి ముడి విప్పమని చెప్పు తాతా, నొప్పిగా ఉంది."

టీవీలో భీకర్ ఒక్కడే అరుస్తున్నాడు. దూడ మొహం చిన్నబోయింది గానీ పట్టు విడవలేదు. "సీరియల్లో ఒప్పుకున్నవాడే దొంగవుతాడు. ఎప్పుడూ తప్పలేదు తాతా!"

"ఎందుకు తప్పుతుందిరా? ఆ కథ రాసినవాడికి దొంగెవడో ముందే తెలుసు. దెబ్బలు తర్వాత వేయిస్తాడు." గంగన్న దూడ దగ్గరికి నడిచాడు. తన నడుము మీది మచ్చలు చూపించాడు. "ఇవి ములుగర్ర పోట్లు. పొడిచిన ప్రతిసారీ పొడిచినవాడు చెప్పిన దిక్కుకే నడిచాను. అది సరైన దారని కాదురా. నొప్పికి."

దూడ తల వంచుకుంది. అప్పుడు గంగన్న జంబయ్య వైపు తిరిగాడు. ఆ ముసలి మొహంలో ఎన్నడూ లేని చిలిపితనం కనిపించింది.

"అయినా పొరుగూరి పెద్దమనిషి మాట తీసెయ్యకూడదు. ఇది గొప్ప చదువన్నారు. పిల్లల చదువు సరిగా అబ్బిందో లేదో ఒక్క పరీక్ష పెడదాం. అమాయకుణ్ణి ఒప్పించడంలో గొప్పేముంది? మీలాంటి గట్టి మనిషి దగ్గర చూపించాలి. రండర్రా పిల్లలూ, జంబయ్య గారిని నిచ్చెనకు వేలాడదీయండి. గుడ్లు తిన్నారో లేదో అడగండి. ఆయన తినలేదు కాబట్టి ఆయనకేం భయం లేదు!"

పిల్లలకు చెప్పాలా? మేకపిల్లలు పలుపుతాడు సవరించుకున్నాయి. జంబయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. రోట్లో తల దూర్చాక రోకటి పోటు గుర్తొచ్చింది.

"ఏమిటీ అఘాయిత్యం! పసిబిడ్డల చేత కొట్టిస్తారా? వాళ్ళ లేత మనసులు ఏమైపోవాలి? ఇదంతా ఆ దిక్కుమాలిన సీరియల్ ప్రభావం! పిల్లల్ని రాక్షసుల్ని చేస్తోంది!"

"అంటే పిల్లలకు పనికిరాదంటారా?"

"పనికిరాదు! పనికిరాదు! నూటికి నూరుపాళ్ళూ పనికిరాదు!"

"అదీ తీర్పు" అన్నాడు గంగన్న. "పోలీ, కానియ్."

పోలి ఎప్పట్నుంచో ఆ మాట కోసమే ఉంది. ఒక్క కొరుకుతో వైరు తెగింది. భీకర్ లాఠీ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే మాయమై తెరనిండా చుక్కలు చీమల్లా పాకాయి.

సింగడు కాసేపు ఆ చీమల్నే చూశాడు. తర్వాత, చూడ్డానికేమీ లేక, తల తిప్పాడు. ఎన్నాళ్ళుగానో తెర మీదే ఉన్న కళ్ళకు పని లేకుండా పోయేసరికి పాపం ముక్కుకు పని దొరికింది. ముక్కు ఒకసారి ఎగబీల్చింది. ఇంకోసారి ఎగబీల్చింది.

"జంబయ్య గారూ," అన్నాడు సింగడు మెల్లగా, "మీ మీసాల దగ్గర గుడ్డు సొన వాసనొస్తోంది."

"అబ్బే, పొద్దున మా ఇంట్లో..."

"చుక్కమ్మ వాసన కూడా వస్తోంది."

సింగడు నేల వాసన చూసుకుంటూ జంబయ్య కాళ్ళ దగ్గర్నుంచి వాము దాకా వెళ్ళాడు. గడ్డి కింద తవ్వాడు. చిప్పలు బయటపడ్డాయి, పాతవీ కొత్తవీ. ఎవర్నీ వేలాడదీయలేదు. ఎవరి మీదా చెయ్యి పడలేదు. డప్పులు కూడా మోగలేదు.

సింగడు తిరిగి చూసేసరికి పీట ఖాళీ. పొరుగూరి పెద్దమనిషి కంచె సందులో సగం ఇరుక్కుని ఉన్నాడు. రోజూ తిన్న గుడ్లు నడుము లావు చేశాయి. ఎలాగో బయటపడ్డాడు గానీ, తోకలో సగం బొచ్చు సింగడి నోట్లో మిగిలింది. ఆ తర్వాత ఆముదం చేలో ఆ కాపురం ఎవరికీ కనిపించలేదు.

తెడ్డుగాడి కాలి ముడి దూడే విప్పింది. పళ్ళతో విప్పడానికి చాలాసేపు పట్టింది, లాగి మరీ కట్టింది కదా! విప్పాక చుక్కమ్మ మొహంలోకి చూడలేక గంగన్న దగ్గరికెళ్ళింది.

"తాతా, మరైతే భీకర్ సార్ పట్టుకున్నవాళ్ళంతా..."

గంగన్న దూడ మెడ ఒకసారి నాకి నెమరు మొదలెట్టాడు.

మర్నాడు కోటప్ప వైరు అతికించుకున్నాడు. సాయంత్రానికి మళ్ళీ తెగింది. పోలి దానికి మరిగిపోయింది. గేదె మాత్రం ఆ ప్రశాంతతకు చేపి, కోటప్ప చెంబులు పట్టనన్ని పాలిచ్చింది. అది పాటల మహిమేనని ఆయన ఇప్పటికీ ఊళ్ళో చెప్పుకుంటున్నాడు.

నీతి: దెబ్బకు ఒప్పుకోలు దొరుకుతుంది గానీ, దొంగ దొరకడు.